జీతంలో కోత పెట్టినా కోట మీదకు ముందు నడిచారు.. ఎవరీ కల్నల్ షా?

రాబర్ట్ గౌల్డ్ షా 1837లో బోస్టన్‌లో పుట్టారు. డబ్బున్న కుటుంబం. అమ్మానాన్న బానిసత్వానికి బద్ధ వ్యతిరేకులు. అమెరికా అంతర్యుద్ధం మొదలవగానే షా ఉత్తరాది సైన్యంలో చేరారు.

1863లో మసాచుసెట్స్ గవర్నర్ జాన్ ఆండ్రూ నల్లజాతి వాలంటీర్లతో 54వ పదాతి రెజిమెంట్ ఏర్పాటు చేశారు. దాన్ని నడిపించమంటే షా ముందు వద్దన్నారు. తర్వాత ఒప్పుకున్నారు.

అసలు గొడవ జీతం దగ్గర వచ్చింది. తెల్ల సైనికులతో సమానంగా నెలకు 13 డాలర్లు ఇస్తామన్నారు. తీరా చూస్తే 10 డాలర్లే. అందులోనూ బట్టల కోసం 3 డాలర్ల కోత! ఇస్తే మొత్తం ఇవ్వండి, లేదంటే అసలే వద్దని సైనికులు తేల్చి చెప్పేశారు. షా కూడా వాళ్ల పక్షానే నిలబడ్డారు.

జీతం తేలకముందే యుద్ధం పిలిచింది. 1863 జులై 18 సాయంత్రం, సౌత్ కరోలినాలోని ఫోర్ట్ వాగ్నర్‌పై దాదాపు 600 మందితో దాడి. ముందు నడిచిన షా కోట గోడపైనే నేలకొరిగారు. వయసు 25. పెళ్లయి మూడు నెలలు కూడా కాలేదు. కోట దక్కలేదు.

దక్షిణాది సైన్యం ఆయన్ని తన సైనికులతో కలిపి ఒకే గోతిలో పూడ్చేసింది. మృతదేహాన్ని బయటకు తీయొద్దని, కొడుకు వాళ్ల మధ్యే ఉండాలని తండ్రి చెప్పారు.

మిగిలినవాళ్లు పట్టు వదల్లేదు. 1864 జూన్‌లో అమెరికా కాంగ్రెస్ సమాన జీతానికి ఓకే చెప్పింది. ఆ గోతిలో ఉన్నవాళ్లు మాత్రం ఆ జీతం చూడలేదు.