గ్రహణం చూసిన కన్ను నేర్పిన వైద్యం



గ్రహణం రోజున సూర్యుడి వైపు చూడొద్దని మీరు పిల్లలకు చెబుతూనే ఉంటారు. ఎందుకు చూడకూడదని వాళ్లు అడిగితే ఈసారి ఒక కంటి డాక్టరుగారి కథ చెప్పండి.

ఆయన పేరు గెర్హార్డ్ మేయర్-ష్వికరాత్. 1920లో జర్మనీలో పుట్టారు. 1945 జూలై 9న అక్కడ సూర్యగ్రహణం కనిపించింది. రక్షణ లేకుండా దాన్ని చూసిన ఒక వైద్య విద్యార్థి, ఆ తర్వాత హాంబర్గ్‌లో ఆయన దగ్గరకు వచ్చాడు. అతని కంటి వెనకాల రెటీనా మధ్యభాగం కాలి, మచ్చ పడింది. ఆ మధ్యభాగాన్నే మాక్యులా అంటారు. మనం అక్షరాలు చదివేది, ఎదుటివారి ముఖం గుర్తుపట్టేది దానితోనే. భూతద్దం ఎండను ఒకచోటికి చేర్చి కాగితాన్ని కాల్చినట్టే, కంటిలోని లెన్స్ రెటీనాను కాల్చేస్తుంది. రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి పిల్లలకు ఆ క్షణంలో ఏమీ అనిపించదు.

ఆ మచ్చను చూసిన డాక్టరుగారికి ఒక ఆలోచన వచ్చింది. కాలినచోట రెటీనా వెనకున్న పొరకు గట్టిగా అతుక్కుంటుంది. మరి రెటీనాకు చిల్లుపడిన వాళ్లకు, అది ఊడిపోకముందే చుట్టూ కాంతితో అతికిస్తే?

ఆయన ఆసుపత్రి పైకప్పు మీద అద్దాలు అమర్చి, సూర్యకాంతినే రోగి కంటిలోకి పంపారు. మబ్బు పడితే వైద్యం ఆగిపోయేది. అందుకని కార్బన్ ఆర్క్ దీపంతో ప్రయత్నించారు. 1950లలో జైస్ కంపెనీతో కలిసి జినాన్ దీపంతో పనిచేసే యంత్రం తయారుచేశారు. 1960లో అమెరికాలో థియోడర్ మైమన్ మొదటి లేజర్‌ను వెలిగించారు. కొద్ది ఏళ్లలోనే కంటి డాక్టర్లు దాన్ని అందుకున్నారు. దీపం కన్నా సన్నగా, సెకనులో చిన్న భాగం సేపే కాంతిని వేయగలిగారు. మేయర్-ష్వికరాత్ 1992లో కన్నుమూశారు.

షుగర్ వల్ల మాక్యులా దగ్గర రక్తనాళాలు కారుతుంటే, నేడు లేజర్‌తో వాటిని మూయవచ్చు. అయితే ఒక్క మాట గుర్తుంచుకోండి. లేజర్ సాధారణంగా ఉన్న చూపును కాపాడుతుందే గాని, పోయిన చూపును తెచ్చివ్వదు. పైగా వేసినచోట చిన్న మచ్చ మిగులుతుంది. అందుకే సరిగ్గా మధ్యలో సమస్య ఉంటే ఇప్పుడు డాక్టర్లు ఎక్కువగా కంటి ఇంజెక్షన్ల వైపు మొగ్గుతున్నారు. ఏ వైద్యమైనా ముందుగా వెళ్తేనే మేలు.

ఒక కన్ను మసకబారినా రెండో కన్ను సర్దేస్తుంది కాబట్టి మనకు తెలియదు. ఇంట్లో తాతయ్య, నానమ్మ, అమ్మమ్మలకు మీ పిల్లల గళ్ల లెక్కల నోటుబుక్కు ఇవ్వండి. చదివే కళ్లజోడు ఉంటే పెట్టుకుని, ఒక్కో కన్ను మూసి, పేజీ మధ్యలో చూడమనండి. గీతలు వంకరగా కనిపించినా, మధ్యలో మాయమైనా ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లకు చూపు బాగానే ఉన్నా ఏటా రెటీనా పరీక్ష చేయించండి.

జాతరలో అమ్మే లేజర్ లైట్లు మాత్రం పిల్లలకు కొనివ్వకండి. డాక్టరు చేతిలో కొలత ప్రకారం పడే కాంతి వేరు, ఆటలో కంట్లో పడే కాంతి వేరు.