శరణాగతరక్షకుడు అబ్దుల్ ఖాదిర్

ఆఫ్రికా ఖండపు ఉత్తరతీరమున అల్జీరియా దేశము కలదు. అచట మస్కారా పట్టణసమీపమున 1808వ సంవత్సరమున అబ్దుల్ ఖాదిర్ జన్మించెను. ఆయన తండ్రి గొప్ప సూఫీ గురువు. అబ్దుల్ ఖాదిర్ బాల్యముననే ఖురానును కంఠస్థము చేసెను. యౌవనమున తండ్రితో కూడ మక్కాయాత్ర చేసివచ్చెను.

1830లో ఫ్రెంచిసేనలు అల్జీర్సు నగరమును ఆక్రమించెను. 1832లో తెగల పెద్దలు ఆ యువకుని తమ అమీరుగా ఎన్నుకొనిరి. ఆయన పదునైదేండ్లు పోరాడెను. చెఱచిక్కిన శత్రువులను హింసింపరాదని తన సైనికుల శాసించెను. ఒకనాడు అల్జీర్సు నగరపు బిషప్పు ద్యూపుష్, ఒక ఖైదీని విడువుమని ప్రార్థించుచు ఆయనకు లేఖ వ్రాసెను. ఒక్కనికొఱకేల, ఖైదీలందఱికొఱకును, ఫ్రెంచివారి చెఱలోనున్న ముస్లిములకొఱకును కోరదగునని అమీరు బదులు పంపెను. 1841లో ఇరుపక్షములవారును ఖైదీలను మార్చుకొనిరి. ఆ బిషప్పు అమీరునకు ఆప్తమిత్రుడయ్యెను.

తూర్పుదేశములకు పోనిత్తుమను మాటను నమ్మి అమీరు 1847లో లొంగిపోయెను. ఫ్రెంచి ప్రభుత్వము మాట తప్పి ఆయనను సపరివారముగా ఫ్రాన్సున బంధించెను. ఆంబువాజు కోటలో ఆయన పరివారమున పలువురు మరణించిరి. అయినను అమీరు ద్వేషము పూనలేదు. తన్ను చూడవచ్చిన క్రైస్తవులతో ధర్మవిషయములు శాంతముగా ముచ్చటించెను. ఆయనను విడువవలెనని ద్యూపుష్ 1849లో ఒక గ్రంథమే ప్రకటించెను. 1852లో అమీరునకు విముక్తి లభించెను.

1855 నుండి ఆయన సిరియాలోని డమాస్కసు నగరమున నివసించెను. 1860 జూలైలో అచట అల్లరిమూకలు క్రైస్తవులపై బడి, ఇండ్లు తగులబెట్టి, వేలకొలది జనులను చంపిరి. అమీరు తన అల్జీరియా అనుచరులతో వీథులలో తిరిగి, దిక్కులేనివారిని తన యింటికి చేర్చెను. క్రైస్తవుని ప్రాణముతో తెచ్చినవానికి ధనమిత్తునని చాటించెను. శరణార్థులను అప్పగింపుమని మూకలు వాకిట నిలిచి కేకలు వేయగా, ఆయన ఎదురేగి వారిని మరలించెను. అట్లు వేలమంది బ్రదికిరి. తన్ను చెఱబెట్టిన ఫ్రాన్సుదేశపు కాన్సులును ఆ యింటనే తలదాచుకొనెను.

ఈ వార్త విని ఐరోపా ఆశ్చర్యపడెను. ఇస్లామును క్రూరమతమని తలచినవారు పలువురు తమ అభిప్రాయమును మార్చుకొనిరి. ఫ్రాన్సు ఆయనకు ఉత్తమపురస్కారమొసగెను. తాను చేసినది ఇస్లాము విధించిన కర్తవ్యమనియు, మానవుల హక్కులకు చూపవలసిన గౌరవమనియు 1862లో ఆయన నాటి అల్జీర్సు బిషప్పునకు వినయముతో వ్రాసెను.

1883లో ఆయన డమాస్కసునందే పరమపదించెను. 1966లో స్వతంత్ర అల్జీరియా ఆయన అస్థికలను స్వదేశమునకు తెచ్చుకొనెను. పరమతమువారు మన మతమును మన మాటలకన్న మున్ను మన నడవడియందే చదువుదురని ఆ మహనీయుని జీవితము చాటుచున్నది.