దోమ వెంటపడిన డాక్టరు: సర్ రోనాల్డ్ రాస్

మన విశాఖవాళ్లకు మలేరియా అనగానే మన్యం గుర్తుకొస్తుంది. అరకు, పాడేరు వైపు ఉద్యోగం పడిందంటే పెట్టెలో ముందుగా సర్దేది దోమతెరే. ఆ జ్వరం గుట్టు తొలిసారి చిక్కింది మన సికింద్రాబాదులో. అందుకే ఈ సంచికకు రాస్ దొరగారి కథ రాద్దామనుకున్నాను.

ఆయన 1857 మే 13న అల్మోరాలో పుట్టాడు. తండ్రి సైన్యాధికారి. కుర్రవాడి మనసంతా కవిత్వం, సంగీతం మీద. తండ్రి మాట కాదనలేక వైద్యం చదివి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ రోగి రక్తంలోని మలేరియా క్రిమిని చూపించి, దోమ మీద అనుమానం నాటాడు. ఇక పట్టుకుంది దోమల పిచ్చి!

1895లో సికింద్రాబాదు చేరి దోమలను కోసికోసి చూశాడు. అవి మలేరియా మోసే జాతులు కావు గనుక ఏమీ దొరకలేదు. 1897లో సెలవు మీద నీలగిరికి వెళ్లి, సిగూరు కనుమలో తెర కట్టుకుని పడుకుని కూడా జ్వరం తెచ్చుకున్నాడు.

ఆ ఆగస్టులో మళ్లీ సికింద్రాబాదు. దోమలు ఎగిరిపోతాయని పంకా ఊపనిచ్చేవాడు కాదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. హుసేన్ ఖాన్ అనే రోగి, కుట్టిన దోమకు అణా చొప్పున తీసుకుని ఒళ్లు అప్పగించాడు. అతని రక్తం తాగిన మచ్చల రెక్కల దోమ కడుపు గోడలో, ఆగస్టు 20న, నల్లని రేణువులున్న కణాలు కనిపించాయి. నోబెల్ బహుమతి 1902లో రాస్‌కు వచ్చింది. హుసేన్ ఖాన్‌కు దక్కింది పది అణాలు.

అంత పని చేసినవాణ్ణి నెల తిరగ్గానే మలేరియా అంతగా లేని ఖేర్వారాకు బదిలీ చేశారు. సర్కారు తీరు మరి! 1898లో కలకత్తాలో, పక్షుల మలేరియా మీద పనిచేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటుతో దిగుతుందని తేల్చాడు. మనుషుల విషయంలో రుజువు ఇటలీలో గ్రాసీ బృందానిది. ఇద్దరికీ జన్మంతా తగవే.

నాకు ఎక్కువ నచ్చేది ఆయన తరవాతి లెక్కలు. దోమలన్నిటినీ చంపనక్కరలేదు, ఒక మట్టానికి దించితే చాలు, జబ్బు దానంతటదే తగ్గిపోతుందని గణితంతో చూపాడు. 1932 సెప్టెంబరు 16న పోయేదాకా నివారణ, నివారణ అని పోరాడుతూనే ఉన్నాడు.

అరకు కొండవాగుల్లో పుట్టే ఫ్లూవియాటిలిస్ దోమకు ఆ లెక్క బాగా పనికొస్తుంది. పారే వాగును పూడ్చలేం కదా! రాస్ నాటి తెర వట్టి గుడ్డ. తరవాత తెరలను మందునీళ్లలో ముంచి ఆరేసేవారు. ఇప్పటివాటికి పోగులోనే మందు ఇమిడి ఉంటుంది. వాలిన దోమ చస్తుంది. ఇరవై ఉతుకులదాకా, సుమారు మూడేళ్లు పనిచేస్తుంది. ఊళ్లో చాలామంది వాడితే తెర లేనివాడికీ కొంత రక్ష.

వాడితేనే సుమండీ. అరకు దగ్గర ఒక గూడెంలో తెరలు పంచుతుంటే చూశాను. ఇద్దరికొకటి లెక్కన ఇచ్చి వేలిముద్రలు తీసుకుంటున్నారు. ఒక ముసలమ్మ తెర పుచ్చుకుని, కోతలదాకా పోడు కాపలాపాకలో పడుకునే తన కొడుక్కి ఏదని అడిగింది. రిజిస్టరులో ఇళ్లకే గాని పాకలకు గడి లేదు. రాసుకునే కుర్రవాడు కాసేపు తల గోక్కుని, పక్కన ఇంకో గీత గీసి, మరో తెర ఆమె చేతిలో పెట్టాడు.