బ్రౌనుగారు: చెడిన ప్రతులను బాగుచేసిన విధము

చార్లెస్ ఫిలిప్ బ్రౌనుగారి పేరు వినని తెలుగు విద్యార్థి యుండడు. ఆయన నిఘంటువును గూర్చి పలువురు చెప్పుదురు. చెడిపోయిన గ్రంథములను ఆయన ఏ రీతిని మరల బాగుపఱచిరో ఆ సంగతిని మేమిచ్చట వ్రాయదలచితిమి.

బ్రౌనుగారు 1798 వ సంవత్సరము నవంబరు 10 వ తేదీన కలకత్తాలో జన్మించిరి. తండ్రియగు డేవిడ్ బ్రౌనుగారు క్రైస్తవ బోధకులు. 1812 లో తండ్రి గతింపగా కుటుంబము ఇంగ్లండు చేరెను. కుమారుడు హెయిలీబరీ కళాశాలలో చదివి, 1817 లో కంపెనీ యుద్యోగిగా మద్రాసునకు వచ్చి తెలుగు నేర్చెను. 1820 లో ఆయనను కడపకు పంపిరి.

ఆనాడు తెలుగు కావ్యములు చాలవఱకు తాటాకులమీదనే యుండెను. చెదలును పురుగులును ఆకులను తినుచుండెను. అంతకన్న పెద్ద ముప్పు వ్రాయసకాండ్ర పరాకువలన కలుగుచుండెను. ఒకడు ఒక పాదము విడిచినచో, వాని ప్రతిని చూచి వ్రాయువాడును దానిని విడుచును. ఒకడు పకారమును వకారముగా చదివినచో, ఆ తప్పు తరతరములకు దిగును. ప్రతులు పెరుగుచున్నను పాఠము చెడుచునే యుండెను.

బ్రౌనుగారు వేమన పద్యములను చేపట్టినప్పుడు ఈ చిక్కే యెదురయ్యెను. దొరకిన ప్రతులు ఒకదానితో నొకటి సరిపడలేదు. ఆయన ఏ యొక్క ప్రతిని నమ్మక, వేర్వేఱు తావులనుండి ప్రతులు తెప్పించి, పద్యములకు సూచిక వ్రాయించి, పాఠభేదములను గుర్తింపించి, పండితులతో చర్చించి మంచి పాఠమును నిర్ణయించిరి. ఈ పనిలో ఛందస్సు గొప్ప సాయము. గణము తప్పినను, యతి చెడినను, అచ్చట ఏదో యక్షరము మాఱినదని తెలియును. 1829 లో 693 పద్యములు ఆంగ్లానువాదముతో అచ్చయ్యెను.

ఆయన కడపలోని తన బంగళాలో పండితులను, లేఖకులను జీతములిచ్చి నిలిపి, పెక్కు కావ్యములను ఇట్లే పరిష్కరింపించిరి. అయోధ్యాపురము కృష్ణారెడ్డిగారు ఆ పనిని కనిపెట్టి చూచుచుండిరి. సొంత జీతము చాలక బ్రౌనుగారు అప్పులపాలైరి. అయినను పని మానలేదు.

నేడు కంప్యూటరులలో డేటాబేసులను కాచువారికిని ఇదే చిక్కు కలదు. వారు మిర్రరింగు అను పద్ధతిచే ఒకే సమాచారమును రెండు డిస్కులయందు ఒక్కసారిగా వ్రాయింతురు. ఒక డిస్కు చెడినచో రెండవది ఆదుకొనును. కాని తప్పే వ్రాయబడినచో, అది రెండింటను పడును. చూచివ్రాతలో తప్పు దిగినట్లే. కావున వేఱు కాలమున తీసి వేఱు చోట దాచిన బ్యాకప్పు ప్రతియు నుండవలెను. వ్రాత చెడినదో లేదో తెలుపుటకు చెక్‌సమ్ అను లెక్కయు నుండవలెను. పద్యమునకు యతిప్రాసలు చేయు పనిని ఫైలునకు ఆ లెక్క చేయును.

బ్రౌనుగారి నిఘంటువు 1852 లో వెలువడెను. 1855 లో ఆయన ఇంగ్లండునకు మరలి, తరువాత లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యులుగా నుండి, 1884 డిసెంబరు 12 న గతించిరి. ఆయన కూర్చిన వ్రాతప్రతులు మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునకు చేరినవి. కడపలో ఆయన బంగళా యున్న తావున నేడు ఆయన పేర గ్రంథాలయము వెలసినది.

మన బాలురు, బాలికలు పాఠము చూచి వ్రాసికొనునప్పుడు ఒక్కమాఱు మూలముతో సరిచూచుకొనుట అలవఱచుకొందురుగాక. ప్రతి యొకటి యున్నంతమాత్రమున చాలదు. అది సరియైన ప్రతి కావలెను.