మహాత్ముని నిర్భయత్వము

గాంధీ మహాత్ముని నిర్భయత్వము లోకప్రసిద్ధము. అది ఆయనకు పుట్టుకతో అబ్బినది కాదు.

1869 అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో జన్మించిన మోహనదాసు మిక్కిలి పిఱికి బాలుడు. దొంగలన్నను, దయ్యములన్నను, పాములన్నను వణకెడివాడు. దీపము లేనిదే నిద్రింపజాలకుండెను. ఇంటి దాసి రంభ, భయము కలిగినప్పుడు రామనామము జపింపుమని బోధించెను. ఆ బీజము కడవఱకు ఆయన హృదయమున నిలిచెను.

లండనులో బారిష్టరై 1891లో స్వదేశమునకు మరలినను బెరుకు వదలలేదు. బొంబాయి స్మాల్‌కాజు కోర్టులో తొలి వ్యాజ్యమున సాక్షిని ప్రశ్నింప లేచినంతనే తల తిరిగెను; నోట మాట పెగలలేదు. 30 రూపాయల ఫీజు తిరిగి తీసికొని వేఱొక వకీలును పెట్టుకొనుడని చెప్పి, సిగ్గుతో వెలుపలికి వచ్చెను.

1893లో ఒక వ్యాజ్యపు పనిమీద దక్షిణాఫ్రికాకు వెడలెను. జూన్ 7వ తేదీ రాత్రి, మొదటి తరగతి టిక్కెట్టు చేతనున్నను, తెల్లవాడు కాడని మారిట్స్‌బర్గు స్టేషనులో రైలునుండి దింపివేసిరి. చలిలో కూర్చుండి, మరలిపోవుదునా, నిలుతునా యని తర్కించుకొనెను. ఆ అవమానము తన యొక్కనిది కాదని గ్రహించి నిలుచుటకే నిశ్చయించెను. కొలది కాలమునకే ప్రిటోరియాలోని భారతీయులను సమావేశపఱచి ప్రసంగించెను. ఆయన జీవితమున అదియే తొలి బహిరంగోపన్యాసము. ఫీజుకొఱకు లేచిననాడు పెగలని గొంతు, తోడివారికొఱకు లేచిననాడు పలికినది.

1948 జనవరి 20న ఢిల్లీ ప్రార్థనాస్థలమున బాంబు ప్రేలినను, వచ్చువారిని పోలీసులు సోదా చేయుటకు ఆయన సమ్మతింపలేదు. 30వ తేదీ సాయంకాలము ప్రార్థనకే పోవుచు ప్రాణములు విడిచెను.

సభలో నోరు విప్ప జంకు మన యువకులు ఈ చరితమును మననము చేయుదురు గాక!