తన చూపుతో లోకమును చూచిన కవి

తణుకు చేరువనున్న మండపాక గ్రామమున 1921 ఆగస్టు 1వ తేదీన దేవరకొండ బాలగంగాధర తిలక్ జన్మించెను. చిన్ననాటనే ఆయనకు కవిత్వమునందు ఆసక్తి కలిగెను.

ఆనాటి తెలుగు కవులలో కొందరు సౌందర్యమును, ప్రణయమును గానము చేయుచుండిరి. మరికొందరు పేదల ఆకలిని, లోకములోని అన్యాయమును చాటుచుండిరి. తిలక్ ఏ ఒక్క పక్షమునకును తన విచక్షణను అప్పగింపలేదు. వెన్నెలను ప్రేమించు హృదయమే దీనుల కన్నీటికిని కరగవలెనని ఆయన భావించెను. పద్యరచన తెలిసియు, తన భావములకు తగినదని వచనకవితను చేపట్టెను.

ఆనాడు తపాలా బంట్రోతు రాకకై ఊరివారందరును ఎదురుచూచెడివారు. ఉత్తరము చేతికందిన పిమ్మట అతని క్షేమమడుగువారు లేకుండిరి. ఎవ్వరును గమనింపని ఆ మనిషిని తిలక్ గమనించి, అతనిని గూర్చి కవిత వ్రాసెను.

1966 జూలై 1వ తేదీన, నలుబది యైదేండ్లు నిండకమునుపే ఆయన మరణించెను. 1968లో వెలువడిన ఆయన కవితాసంపుటి 'అమృతం కురిసిన రాత్రి'కి 1970వ సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించెను. ఆ గౌరవమును ఆయన చూడలేదు.

నలుగురు చెప్పిన తీర్పునకు తలయూపుట సులభము. తన కన్నులతో చూచి, తన హృదయముతో తూచి నిర్ణయించుకొనుట కష్టము. తిలక్ ఆ కష్టమైన త్రోవనే నడచెను.