కమతం నడిపిన కేటో

వ్యవసాయం గురించి రోమన్లు రాసుకున్న పుస్తకాల్లో నేటికీ మిగిలి ఉన్న వాటిలో అన్నిటికంటే పాతది మార్కస్ పోర్షియస్ కేటో రాసినది. సుమారు క్రీ.పూ. 160 నాటిది. లాటిన్ వచనంలో మొత్తంగా దక్కిన మొదటి పుస్తకం కూడా అదే. కూలినాలి చేసుకునే ఇళ్ళ నుంచి వచ్చి హాస్టల్లో చదువుకున్న మనం ఆ మనిషి గురించి తెలుసుకోవలసింది చాలా ఉంది.

కేటో క్రీ.పూ. 234లో రోమ్ దగ్గరి టస్కులంలో పుట్టాడు. సబైన్ ప్రాంతంలోని తండ్రి పొలంలో పెరిగాడు. వాళ్ళ వంశంలో అంతకుముందు పెద్ద పదవి చేసినవాడు ఒక్కడూ లేడు. వాళ్ళ పొలానికి దగ్గర్లోనే మానియస్ క్యూరియస్ అనే పాతకాలపు సేనాపతి చిన్న ఇల్లు ఉండేది. మూడుసార్లు విజయోత్సవం జరుపుకున్న అంతటివాడు ఆ కాస్త ఇంట్లోనే బతికాడని తలచుకుంటూ కేటో తరచూ వెళ్ళి చూసి వచ్చేవాడట. 17వ ఏట హానిబాల్ మీద యుద్ధానికి వెళ్ళాడు. ఇంటి దగ్గరున్నప్పుడు పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్ళి, అడిగినవాళ్ళ తరఫున డబ్బు తీసుకోకుండా వాదించేవాడు. తిరిగొచ్చి బానిసలతో కలిసి పొలం పని చేసి, వాళ్ళతోపాటే కూర్చుని అదే రొట్టె తినేవాడు. ఈ సంగతి విన్న పక్క కమతం ఆసామి ఫ్లాకస్ అతన్ని రోమ్ వెళ్ళమని ప్రోత్సహించాడు. క్రీ.పూ. 195లో కాన్సల్, 184లో సెన్సార్ అయ్యాడు. పౌరుల ఆస్తులనూ నడవడినీ లెక్కగట్టే పదవి అది. మన సినిమాల సెన్సార్ అనే మాట దాని నుంచి వచ్చిందే.

ఇక పుస్తకం. అందులో అలంకారాలేమీ లేవు, అంతా పనే. పొలం కొనేముందు ఒకటికి నాలుగుసార్లు చూడాలి, ఇరుగుపొరుగు బాగున్నారో లేదో కనుక్కోవాలి, నీరు, బాట దగ్గరుండాలి అంటాడు. మంచి సేద్యం అంటే ఏమిటి? మొదట బాగా దున్నడం, రెండోది మళ్ళీ దున్నడం, మూడోది ఎరువు వేయడం. చిక్కుడు జాతి పైర్లు నేలకు బలమిస్తాయని రాశాడు. మన పచ్చిరొట్ట ఎరువు సంగతి అక్కడా తెలుసన్నమాట! క్యాబేజీని మించిన కూర లేదని, అది నానా రోగాలకూ మందని పేజీలకు పేజీలు నింపాడు. అదంతా నమ్మనక్కర్లేదు.

కాని మనం ఆగి చదవవలసిన చోటు వేరే ఉంది. పొలంలో పని చేసే బానిసకు చలికాలం నెలకు 4 మోడియస్‌ల గోధుమలు, అంటే సుమారు 35 లీటర్లు, వేసవిలో నాలుగున్నర. పెద్ద పాలేరుకు మూడే, ఒళ్ళు వంచేవాడికే ఎక్కువ తిండి కాబట్టి. సంకెళ్ళలో ఉన్నవాళ్ళకు రొట్టె తూచి ఇవ్వాలి. ద్రాక్షతోట తవ్వేటప్పుడు కాస్త పెంచి, అంజూర పండ్లు తినే రోజులు రాగానే మళ్ళీ తగ్గించాలి. రెండేళ్ళకొక చొక్కా, ఒక దుప్పటి. కొత్తది ఇచ్చేటప్పుడు పాతది వాపసు తీసుకోవాలి, అతుకుల బొంతలకు పనికొస్తుంది. జబ్బు పడితే తిండి తగ్గించాలి. ముసలి ఎద్దును, పాత బండిని, పాత ఇనుప సామాను అమ్మేసినట్టే ముసలి బానిసను, రోగిష్టి బానిసను కూడా అమ్మేయాలి. ఒకే వరుసలో, ఒకే జాబితాలో. ఒకప్పుడు పక్కన కూర్చుని రొట్టె తిన్నవాడే ఈ జాబితా రాశాడు.

దీన్ని తప్పు పట్టినవాడు గ్రీకు రచయిత ప్లూటార్క్. కేటో తర్వాత సుమారు 250 ఏళ్ళకు అతని జీవితచరిత్ర రాస్తూ, తనకు చాకిరీ చేసిన ముసలి ఎద్దునైనా తాను అమ్మనని, మనిషినైతే అసలే అమ్మనని చెప్పాడు. ఏథెన్స్‌లో గుడి కట్టడానికి రాళ్ళు మోసిన కంచరగాడిదలను పని అయ్యాక స్వేచ్ఛగా మేతకు వదిలేశారట. వాటిలో ఒకటి తనంతట తానే తిరిగొచ్చి మిగతా వాటి ముందు నడుస్తుంటే, చచ్చేదాకా దానికి ప్రజల ఖర్చుతో మేత పెట్టాలని తీర్మానించారట. కేటో గొప్పతనాలన్నీ చెప్పిన ప్లూటార్క్ ఈ ఒక్కచోట ఊరుకోలేకపోయాడు.

వయసు మళ్ళాక కేటో మారాడు. సేద్యంలో రాబడి చాలదని చేపల చెరువులు, పచ్చిక బీళ్ళు కొన్నాడు, ఓడల వర్తకం మీద అప్పులిచ్చాడు. వడ్డీ వ్యాపారం నీచమని తన పుస్తకం మొదట్లో తనే రాశాడు మరి!

ముసలితనంలో రాయబారిగా కార్తేజ్ వెళ్ళి, ఆ శత్రునగరం సిరిసంపదలు కళ్ళారా చూశాడు. తిరిగొచ్చాక సెనేట్‌లో తన వస్త్రంలోంచి అంజూర పండ్లు రాల్చి, ఇవి కాసే దేశం సముద్రం మీద మూడు రోజుల దూరమేనని చూపించాడు. ఆ నగరాన్ని నాశనం చేయాలని ప్రతి సభలోనూ పట్టుబట్టాడు. క్రీ.పూ. 149లో యుద్ధం మొదలైంది, ఆ ఏడాదే కేటో చనిపోయాడు. 146లో కార్తేజ్‌ను నేలమట్టం చేశారు. అక్కడి గ్రంథాలయాలను రోమన్లు ఆఫ్రికా చిన్న రాజులకు పంచిపెట్టి, ఒక్క గ్రంథం మాత్రం తమకు ఉంచుకున్నారు. అది కార్తేజ్‌వాడైన మాగో వ్యవసాయం మీద రాసిన 28 భాగాల పుస్తకం. కేటో పుస్తకం అప్పటికే చేతిలో ఉన్నా, దాన్ని లాటిన్‌లోకి అనువదించమని సెనేట్ ఆజ్ఞ ఇచ్చింది.